ఉపగ్రహ టెలిఫోను - ఊరూర తిరుగు వర్తకుడు

ఇరిడియమ్ అనునది ఒక లోహము. దాని పరమాణు సంఖ్య 77. మోటరోలా కంపెనీవారు భూమి చుట్టును 77 ఉపగ్రహములను త్రిప్పదలచి తమ టెలిఫోను పథకమునకు ఆ పేరు పెట్టిరి. పిమ్మట లెక్క సరిచూచుకొనగా 66 చాలునని తేలినది. పేరు మాత్రము మార్చలేదు. 66వ సంఖ్యగల లోహము డిస్ప్రోసియమ్. ఆ పేరుతో సరకమ్ముట కష్టమే.

ఈ టెలిఫోనును ఎవరు కొందురని వారు తలచిరి? నెలలో సగము రోజులు విమానములలోను, పరాయిదేశపు హోటళ్లలోను గడపు వ్యాపారస్థులు. పథకము ఊహలో మెదలిన 1987 ప్రాంతమున ఈ లెక్క సరియైనదే. నాడు ఒక దేశపు చేతిఫోను మరియొక దేశమున పలుకకుండెను. ఉపగ్రహము లెగసి, 1998 నవంబరు 1వ తేదీన అమెరికా ఉపాధ్యక్షుడు ఆల్ గోర్, గ్రాహమ్ బెల్ మునిమనుమడగు గిల్బర్ట్ గ్రోవ్‌నర్‌తో తొలిపలుకు పలుకునాటికి కాలము మారినది. వర్తకుడు పోవు నగరములన్నిటను మామూలు సెల్‌ఫోను స్తంభములు వెలసినవి. అతడు పోవునది నగరములకే గాని ఎడారులకు గాదు గదా!

దీనికితోడు పరికరము బరువు. వెల సుమారు 3,000 డాలర్లు. మాటలాడినందుకు నిమిషమునకు 7 డాలర్ల వరకు. ఇంతకన్న పెద్ద చిక్కు మరియొకటి కలదు. మా ప్రసారము గోడలు దాటి మీ గదిలోనికి వచ్చుచున్నదన్న, కిలోవాట్లలో లెక్కించు ప్రసారశక్తియు, గోడలకు లొంగని దీర్ఘతరంగములును కారణములు. సుమారు 780 కిలోమీటర్ల ఎత్తునుండి దిగు ఉపగ్రహ సంకేతమో బహు బలహీనము, తరంగము పొట్టిది. నెత్తిన కప్పున్నచో అందదు. ఆ ఉపగ్రహమైనను నిలిచియుండదు. సుమారు 100 నిమిషములలో భూమిని చుట్టివచ్చును. ఒకటి దిగంతమున దిగిపోవులోపల సంభాషణను రెండవదానికి అప్పగింపవలెను. ఈ అప్పగింత అద్భుతముగనే సాగినది. కాని గదిలో కూర్చుండి బేరమాడువాడు మాటిమాటికి వీధిలోనికి పోవలసివచ్చిన, వాడా ఫోనును మరల ముట్టునా?

లక్షలమంది చేరుదురనుకొనగా, చేరినవారు వేలలోనే నిలిచిరి. 1999 ఆగస్టులో కంపెనీ దివాలా తీసినది. దాదాపు 500 కోట్ల డాలర్లతో నిర్మించిన దానిని క్రొత్తవారు 2000లో సుమారు రెండున్నర కోట్లకు కొనిరి. వారు వర్తకుని వదలి, ఓడలను, గనులను, సైన్యమును నమ్ముకొనిరి. అమెరికా రక్షణశాఖ పెద్ద ఖాతాదారైనది. ఇరిడియమ్ నేటికిని నడచుచున్నది.

ఇచ్చట మన పాఠకులకు అక్కరకు వచ్చు మాట యొకటి. విదేశములనుండి వచ్చు బంధువులు పర్వతయాత్రల కొరకో, సముద్రయానము కొరకో కొన్న ఇట్టి ఫోనును పెట్టెలో పడవైచుకొని వత్తురు. భారతదేశమున టెలికమ్యూనికేషన్ల శాఖ అనుమతిలేక దీనిని తెచ్చుట, వాడుట నేరము. విమానాశ్రయమున నిర్బంధింపబడిన యాత్రికులు కలరు. ఇచ్చట అనుమతింపబడిన సేవ ఇన్మార్‌శాట్ ఉపగ్రహముల ద్వారా బి.ఎస్.ఎన్.ఎల్. నడపునది, దానికిని ముందుగ అనుమతి పొందవలెను. బయలుదేరకమునుపే వారికొక ఉత్తరము వ్రాయుడు.