పేగుల వాపులో హిస్టమిన్ పాత్ర ఎంత?

మా మద్రసా వసతిగృహంలోని ఒక విద్యార్థి మలంలో రక్తం పడుతున్న సంగతి ఆరు నెలలు దాచిపెట్టాడు. మొలలనుకొని దుకాణంలో మందు కొని వాడుకున్నాడు. చివరకు కొలనోస్కోపీ పరీక్షలో అది అల్సరేటివ్ కొలైటిస్, అనగా పెద్దపేగు పూత వ్యాధి అని తేలింది. చికిత్సతో కుదుటపడ్డాక, “దీనికి మూలం హిస్టమినేనట హజ్రత్, అలర్జీ మాత్ర చాలునట” అంటూ అసలు మందులు మానివేశాడు. నెల తిరగకుండానే రక్తస్రావం మళ్లీ మొదలైంది.

ఆ మాటలో నిజమెంత? హిస్టమిన్ మన శరీరమే తయారుచేసుకునే రసాయనం. 1910లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు హెన్రీ డేల్, ప్యాట్రిక్ లెయిడ్లా దాని ప్రభావాలను వివరించారు. మాస్ట్ కణాలు దీనిని రేణువులలో నిల్వచేసి, అవసరమైనప్పుడు విడుదల చేస్తాయి. అప్పుడు రక్తనాళాలు వెడల్పై, వాటి గోడల గుండా ద్రవం ఊరి వాపు కలుగుతుంది. హిస్టమిన్‌ను అందుకునే గ్రాహకాలు నాలుగు రకాలు. జీర్ణాశయంలో ఆమ్లం ఊరడానికి తోడ్పడేది రెండవ రకం. అదే గ్రాహకం కొన్ని ప్రయోగాలలో వాపును అణచినట్లు కూడా కనిపించింది. కనుక హిస్టమిన్ కేవలం శత్రువని చెప్పలేము.

అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ వ్యాధులలో రోగనిరోధక వ్యవస్థ సొంత పేగుల మీదికే తిరగబడుతుంది. వాచిన పేగు పొరలో మాస్ట్ కణాలు చురుకుగా ఉండడం, హిస్టమిన్ విచ్ఛిన్నమైనప్పుడు ఏర్పడే పదార్థం రోగుల మూత్రంలో హెచ్చుగా ఉండడం పరిశోధకులు గమనించారు. అయితే నిప్పు రాజేసేది వేరు, విసనకర్రతో విసిరేది వేరు. ఈ మంటను పెంచేవాటిలో హిస్టమిన్ ఒకటి మాత్రమే. అందుచేతనే అలర్జీ మాత్రలు ఈ వ్యాధికి ప్రామాణిక చికిత్స కాలేదు.

ఆహారం విషయం కూడా అంతే. నిల్వ చేపలలో, పులిసిన పదార్థాలలో హిస్టమిన్ ఎక్కువ. పేగు పొరలోని డయమిన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము దానిని విచ్ఛిన్నం చేస్తుంది. చెడిపోయిన చేపలో పుట్టిన హిస్టమిన్ మాత్రం వండినా పోదు. తనకు పడని పదార్థాన్ని రోగి మానుకోవచ్చు గాని, అన్నీ మానివేస్తే నీరసించిపోతాడు.

మన దేశంలో మరో చిక్కు ఉంది. పేగుల క్షయ అచ్చం క్రోన్స్ వ్యాధిలాగే కనిపిస్తుంది. క్షయ రోగికి పొరపాటున స్టెరాయిడ్లు ఇస్తే ప్రమాదం. అందువల్ల పరీక్షలు లేకుండా సొంత వైద్యం తగదు.

ఆ విద్యార్థి తిరిగి మందులు వాడుతూ కోలుకున్నాడు. వైద్యుని సలహా మేరకు ఈసారి రమజాన్ ఉపవాసాలను వాయిదా వేసుకున్నాడు. రోగికి ఆ వెసులుబాటును ధర్మమే ఇచ్చింది. తల్లిదండ్రులారా! మీ పిల్లలు సిగ్గుపడి దాచే బాధను మీరే అడిగి తెలుసుకోండి.