బాల్యపు కొలతలు – హృదయారోగ్యం

గుండెజబ్బు నడివయసులో హఠాత్తుగా వచ్చిపడే ఆపద అని చాలామంది భావిస్తారు. అది బయటపడేది సాధారణంగా నడివయసులోనే అయినా, దాని బీజాలు బాల్యంలోనే పడతాయి.

అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో బొగలూసా అనే చిన్న పట్టణం ఉంది. డాక్టర్ జెరాల్డ్ బెరెన్సన్ 1973లో అక్కడి పిల్లల ఎత్తు, బరువు, రక్తపోటు, కొలెస్టరాల్ వంటి వివరాలు నమోదు చేయించడం ప్రారంభించి, వారిని ఏళ్ల తరబడి పరిశీలించారు. వారిలో ప్రమాదాల వంటి కారణాలతో చిన్నవయసులోనే మరణించినవారి రక్తనాళాలను పరీక్షించగా, పిల్లల ధమనుల్లో సైతం కొవ్వు చారలు కనిపించాయి. ఎత్తుకు మించిన బరువు, అధిక రక్తపోటు, అధిక కొలెస్టరాల్ కలిసి ఉన్నవారిలో అవి మరింత విస్తరించి ఉన్నాయని 1998లో వెలువడిన ఫలితాలు తెలిపాయి.

కిలోలలోని బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే శరీర ద్రవ్యరాశి సూచిక వస్తుంది. పెరిగే పిల్లల విషయంలో ఈ సంఖ్యను పెద్దల ప్రమాణంతో కాక, అదే వయసు గల బాలురతో లేదా బాలికలతో పోల్చి చూడాలి.

అయితే ఈ సూచికకు ఒక పరిమితి ఉంది. బరువెంతో చెబుతుందే గాని, అది కండ బరువో కొవ్వు బరువో చెప్పదు. పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ 2004లో తమ శరీరాలనే ఇందుకు ఉదాహరణగా చూపారు. ఇద్దరి సూచికా 22.3 మాత్రమే. కాని యుడ్కిన్ శరీరంలో కొవ్వు 9.1 శాతం కాగా, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం! పుణె సమీప గ్రామాల్లో తక్కువ బరువుతో పుట్టిన శిశువుల్లో సైతం కండ తగ్గినంతగా కొవ్వు తగ్గలేదని యాజ్ఞిక్ బృందం గమనించింది. కనుక బక్కగా ఉన్నవారికి భయం లేదనే ధీమా మనకు తగదు.

ఉదరభాగంలో, అవయవాల చుట్టూ చేరే కొవ్వు మరింత హానికరం. దానిని అంచనా వేయడానికి దర్జీ వాడే టేపు చాలు. నడుము చుట్టుకొలత ఎత్తులో సగం కన్న తక్కువగా ఉండాలి. 150 సెంటీమీటర్ల ఎత్తు గల విద్యార్థి నడుము 75 సెంటీమీటర్లకు చేరితే జాగ్రత్త పడాలి.

కొలత హెచ్చరికే గాని తీర్పు కాదు. వ్యాధి ఉన్నదీ లేనిదీ వైద్యుడే నిర్ణయించాలి. లావుగా ఉన్న సహాధ్యాయిని ఎగతాళి చేయడం వల్ల అతని మనసు గాయపడుతుందే గాని గుండె బాగుపడదు. అతనిని ఆటకు పిలవడం మేలు. రోజూ గంటసేపు ఆట, మితాహారం బాల్యంలోనే అలవడితే, నడివయసులో గుండెకు అవే రక్షణ.