ఎర్రదీపం ఆరిన తరువాతనే

విమానయానం అనగానే మన మనస్సు ఆకాశం వైపు పోతుంది. ఎత్తు, వేగం, మేఘాలు, తుపానులు - ప్రమాదమంతా అక్కడనే ఉన్నదని భావిస్తాము. విమానం నేలను తాకి, మెల్లగా వచ్చి భవనం ముందు ఆగగానే "హమ్మయ్య" అనుకొని, పైనున్న సామాను కోసం చేతులు చాస్తాము. కాని కిటికీకి ఆవల నేలమీద నిలబడి ఆ విమానం కోసం ఎదురుచూస్తున్న కార్మికునికి అపాయకరమైన ఘడియలు అప్పుడే ఆరంభమవుతాయి. ఆ కొద్ది నిమిషాలలో ఏమి జరుగుతుందో, ఏ నియమం అతని ప్రాణాన్ని కాపాడుతున్నదో విద్యార్థి మిత్రులకు తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

దిగిన విమానం నేలపై గీసిన పసుపుపచ్చని గీత వెంబడి తన స్థలానికి చేరుకుంటుంది. ముందు చక్రం ఎక్కడ ఆగవలెనో పైలట్ తన ఆసనం నుండి చూడలేడు. చాలా విమానాలలో రెక్కల కొనలు కూడా అతనికి సరిగా కనిపించవు. అందువలన ఎదురుగా ఒక వ్యక్తి నిలబడి, పగలు రంగు బద్దలతో, రాత్రి వెలిగే కడ్డీలతో సైగలు చేస్తాడు. ఇతనిని మార్షలర్ అంటారు. రెండు చేతులను తలపైకి ఎత్తి అడ్డంగా కలిపితే ఆగుమని అర్థం. ఈ సైగలను అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిర్ణయించినది. కనుక హైదరాబాదులోనైనా, జెద్దాలోనైనా, లండనులోనైనా వాటి అర్థం ఒక్కటే. పెద్ద విమానాశ్రయాలలో అనేకచోట్ల మార్షలర్‌కు బదులు గోడకు అమర్చిన దీపాల పలక ఈ పని చేస్తున్నది.

విమానం ఆగినంత మాత్రాన ఎవరూ దాని వద్దకు పరుగెత్తరాదు. విమానం వీపు మీద ఒకటి, పొట్ట కింద ఒకటి ఎర్రని దీపాలు ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. ఇంజన్లు తిరుగుతున్నంతసేపు అవి వెలుగుతూనే ఉండవలెను. ఇంజన్లు ఆగిన తరువాతనే పైలట్ వాటిని ఆర్పివేస్తాడు. ఎత్తుమీద నిలిపిన లారీ చక్రానికి రాయి అడ్డుపెట్టినట్లు, విమానం చక్రాలకు దిమ్మలు అడ్డు పెడతారు. రెక్కల కొనల వద్ద, ఇంజన్ల వద్ద నారింజ రంగు శంకువులను హెచ్చరికగా నిలుపుతారు. అటు తరువాతనే ప్రయాణికుల వంతెన, సామాను బండ్లు, ఇంధనపు వాహనం దగ్గరకు వస్తాయి.

ఇంత జాగ్రత్త ఎందుకు? జెట్ ఇంజన్ ముందు నుండి గాలిని పీల్చుకొని వెనుకకు చిమ్ముతుంది. బోయింగ్ 737 వంటి విమానపు ఇంజన్ కనిష్ఠ వేగంతో తిరుగుతున్నప్పుడు కూడా ముందుభాగాన సుమారు 3 మీటర్ల వరకు మనిషికి అపాయమే. వేగం పెంచితే ఆ హద్దు 4 మీటర్లు దాటుతుంది. వెనుకవైపు వేడిగాలి అంతకంటె ఎన్నో రెట్ల దూరం మనిషిని తూలజేస్తుంది. ఈ అపాయంలోని క్రూరత్వం ఏమనగా, అది కంటికి కనపడదు. గాలి ప్రవాహానికి రంగు లేదు. వేగంగా తిరిగే రెక్కలు మన ఇంటి పంకా వలెనే మాయమైనట్లుంటాయి. చెవులకు రక్షణ పెట్టుకొన్న కార్మికుడు, చుట్టూ ఇన్ని యంత్రాల హోరులో, ఏ ఇంజన్ ఆగినదో, ఏది తిరుగుతున్నదో చెవితో పోల్చుకోలేడు. ఇంజన్ మధ్యనున్న మొనపై తెల్లని చుట్ట వంటి గీత చాలామంది చూచి ఉంటారు. అది అలంకారం కాదు. ఇంజన్ తిరుగుతున్నదని తెలియజేసే హెచ్చరిక.

ఆగిన విమానం ఇంజన్లను వెంటనే ఎందుకు ఆపరు అన్న సందేహం సహజమే. మిక్కిలి వేడెక్కిన ఇంజన్ లోపలి భాగాలు చల్లబడుటకు రెండు మూడు నిమిషాల వ్యవధి కావలెను. ఇంతేగాక, విమానానికి విద్యుత్తు ఇచ్చేది కూడా ఇంజనే. అది ఆగిన తరువాత తోకలోని ఒక చిన్న ఇంజన్ ఆ పని చేస్తుంది. లేదా నేల నుండి తీగను కలుపుతారు. మన ఇళ్ల విద్యుత్తు 50 హెర్ట్‌జులు కాగా, విమానానికి కావలసినది 400 హెర్ట్‌జులు. కనుక దానికి వేరే యంత్రం ఉండవలెను. తోకలోని ఇంజన్ చెడిపోయిన రోజున, ఆ తీగ కలిపేవరకు ప్రధానమైన ఇంజన్ ఒకటైనా తిరుగుతూనే ఉంటుంది.

2022 డిసెంబరు 31న అమెరికాలోని మాంట్‌గొమరీ విమానాశ్రయంలో సరిగా ఇదే పరిస్థితి ఏర్పడినది. తోకలోని ఇంజన్ పనిచేయని విమానం డల్లాస్ నుండి వచ్చి ఆగినది. ఇంజన్లు తిరుగుతూ ఉంటాయని, ఎర్రదీపం ఆరేవరకు దగ్గరకు పోరాదని, శంకువులు పెట్టరాదని సిబ్బందిని విమానం రాకముందే రెండుసార్లు సమావేశపరచి చెప్పియున్నారు. అయినను ఒక కార్మికురాలు శంకువు చేతబట్టి విమానం వెనుక భాగానికి నడచినది. ఇంజన్ గాలికి తూలిన ఆమెను చూచి సహోద్యోగి కేకవేసి వారించబోయాడు. మరికొన్ని క్షణాలకు ఆమె తిరుగుతున్న ఎడమ ఇంజన్ ఎదుటకు నడచి ప్రాణం కోల్పోయినది.

ఈ అపాయం బయలుదేరే వేళలోనూ ఉన్నది. 2015 డిసెంబరు 16న ముంబయిలో హైదరాబాదుకు రావలసిన విమానాన్ని వెనుకకు నెట్టిన తరువాత, నేలమీద ముందు చక్రం వద్దనున్న సిబ్బంది పూర్తిగా తొలగకముందే అది కదిలినది. ఒక సాంకేతిక ఉద్యోగి ఇంజన్‌కు బలియైనాడు. మొదటి ప్రమాదం మనకు నేర్పునది, చెప్పినది విన్నంత మాత్రాన రక్షణ కలుగదని. రోజుకు పదిసార్లు చేసిన పనిని చేతులు ఆలోచన లేకుండానే చేస్తాయి. ఆ పదకొండవసారి భిన్నమైనదని కాళ్లకు తెలియదు. రెండవది నేర్పునది, నేలమీది మనిషి ప్రాణం పైనున్న పైలట్ ఓర్పుపై కూడా ఆధారపడి ఉన్నదని.

అయితే ఈ తొందర ఎక్కడ నుండి వచ్చినది? దేశీయ మార్గాలలో వచ్చిన విమానం ముప్పావుగంట లోపలనే మరల బయలుదేరవలెనని నియమం పెట్టుకొంటారు. పది నిమిషాలు ఆలస్యమైతే ప్రయాణికులమైన మనమే గొంతు పెంచుతాము. ఆ గొంతు అంచెలంచెలుగా దిగి చివరకు దిమ్మలు మోసే మనిషి మెడమీద పడుతుంది. ఆలస్యం అమృతం విషం అన్న సామెత మనకు ఉన్నది. నిదానమే ప్రధానం అన్నదీ మనదే. నిలిచిన విమానం వద్ద రెండవ సామెతనే పాటించవలెను.

మన కళాశాల విద్యార్థులలో రేపు కొందరు విమానాశ్రయాలలో ఉద్యోగాలకు పోవచ్చును. అనేకులు ప్రయాణికులుగా పోవచ్చును. ఉద్యోగులయ్యేవారు ఎర్రదీపం ఆరేవరకు ఆగుట అలవాటు చేసుకొనవలెను. దానికై ఎవరు తొందరపెట్టినను లొంగరాదు. ప్రయాణికులయ్యేవారు తలుపు తెరవడం ఆలస్యమైనప్పుడు విసుగు చెందక, ఆ నిమిషాలు నేలమీద ఒక కుటుంబపు ఆధారాన్ని కాపాడుతున్నవని గుర్తుంచుకొనవలెను.