ఆక్సుఫర్డుషైరు పల్లెలలో నొకదినము



ఇప్పుడు మన తెలుగువారి బిడ్డలు పెక్కుమంది ఇంగ్లండు దేశమున కొలువులలో నున్నారు. వారిని చూడబోవు తలిదండ్రులు లండను నగరమును, ఆక్సుఫర్డు విద్యాపీఠమును చూచి మరలుచున్నారు. ఆ ఆక్సుఫర్డు పేరనే యొక జిల్లా కలదు. దాని పల్లెలలో మూడు వింతలున్నవి: ఒక నూయి, ఒక ధాన్యశాల, ఒక గుఱ్ఱము. మోటారుబండి యున్నచో మూడింటిని ఒక్క దినముననే చూడవచ్చును.

మొదట స్టోక్ రో గ్రామమునందలి మహారాజు బావిని చూడవలెను. ఆ గ్రామము చిల్టర్ను కొండలపై నున్నది. అవి సుద్దరాతి కొండలు. వాన యెంత కురిసినను నీరు పైన నిలువక సుద్దలోనికి ఇంకిపోవును. అందుచేత పూర్వ మచ్చటి జనులు మట్టిగుంటల మురికినీటితో కాలము గడపుచుండిరి. ఆ ప్రాంతమువాడైన ఎడ్వర్డు ఆండర్డన్ రీడ్ అను దొర మన దేశమున నుద్యోగము చేయుచు, 1831లో ఆజంగఢు ప్రాంతమున నొక బావి త్రవ్వించెను. తన యూరివైపు నీటికఱవును గూర్చియు, ఇంట మిగిలిన కాసిని నీళ్లు త్రాగినందుకు దెబ్బలు తిన్న బాలుని గూర్చియు ఆయన కాశీరాజగు ఈశ్వరీప్రసాద నారాయణసింగుతో చెప్పెనట. ఆ ప్రభువు దానిని మఱవక తన ధనముతో నచ్చట నూయి త్రవ్వించెను.

1863లో పని ప్రారంభమై, 1864వ సంవత్సరము మే 24వ తేదీన, విక్టోరియా రాణి పుట్టినదినమున, బావి గ్రామస్థుల వశమయ్యెను. లోతు 368 అడుగులు. ఆరడుగుల నిలువు లెక్కన అరువది నిలువులకు మించినది. వెడల్పు మాత్రము నాలుగడుగులే. అంత యిఱుకున, అంత లోతున, మనుష్యులు చేతులతోనే త్రవ్విరి. బావిపై గుమ్మటము కలదు. దానిక్రింద, చేదుటకై యమర్చిన యంత్రముపై బంగారుపూత పూసిన ఏనుగు నిలిచియున్నది.

మహారాజు నూయి యిచ్చి యూరకుండలేదు. ప్రక్కనే చెఱ్ఱీపండ్ల తోటను నాటించి, దాని రాబడితో బావిని కాపాడునట్లు ఏర్పాటు చేసెను. తోటలో చేప యాకారమున నొక కొలనుండెను. మన పెద్దలు గుడిదీపమునకు మాన్యము వ్రాసియిచ్చిన చందమే యిది. తటాకమును, వనమును సప్తసంతానములలో చేర్చిన మనవారికి ఈ దాత హృదయము వేఱుగ చెప్పనక్కఱలేదు. 1857 నాటి తిరుగుబాటున నాతడు ఆంగ్లేయుల పక్షమున నుండెను గావున, ఈ దానమున రాజనీతియు కొంత కలదని తలపవచ్చును. అయినను దప్పిగొన్నవానికి నీరు నీరే గదా! సుమారు డెబ్బదియేండ్లు ఆ నీరు గ్రామమును పోషించెను. కుళాయిలు వచ్చినపిమ్మట చేదుట మానిరి గాని, బావిని పాడుపెట్టలేదు.

రెండవది గ్రేట్ కాక్సువెల్ ధాన్యశాల. సుమారు 1292 ప్రాంతమున సన్న్యాసుల మఠమువారు తమ పొలముల పంటకై దీనిని కట్టించిరి. పొడవు 152 అడుగులు. గోడలు రాతివి. లోపల ఓకు మ్రాను స్తంభములు ఎత్తైన రాతిదిమ్మెలపై నిలిచి కప్పును మోయుచున్నవి. చెమ్మ మ్రానికెక్కకుండ ఆ దిమ్మెలు కాపాడినవి. ఏడువందల యేండ్లు గడచినను కప్పు చెక్కుచెదరక నిలుచుటకు ఆ జాగ్రత్తయు నొక కారణము. గాదెలు కట్టించిన రైతులు అచ్చట గడియసేపు తలయెత్తి చూడక కదలలేరు.

మూడవది అఫింగ్టను తెల్లగుఱ్ఱము. కొండవాలున పచ్చికను కోసి, కందకములు త్రవ్వి, సుద్దపొడిని దట్టించి తీర్చిన రూపమిది. పొడవు సుమారు 360 అడుగులు; వయస్సు రమారమి మూడువేల యేండ్లు. పచ్చిక ప్రక్కలనుండి ప్రాకివచ్చును. కొన్నియేండ్లు ఉపేక్షించినచో గుఱ్ఱము మాయమగును. కావున తరతరములుగ నా చుట్టుపట్ల పల్లెలవారు కూడి, ఉత్సవము చేసికొనుచు, దానిని శుభ్రపఱచిరి. రెండవ మహాయుద్ధమున శత్రువిమానములకు గుర్తు కాకుండ దానిని కప్పివేసి, పిదప మరల తెఱచిరి. నేడును జనులు సుత్తెలు పట్టి క్రొత్తసుద్దను దట్టించుచున్నారు. కొండపై గాలి మెండు. వృద్ధులు దుప్పటిని మఱవరాదు. ఈ గుఱ్ఱమును, ధాన్యశాలయు 1974 వఱకు బర్కుషైరు జిల్లాలోనివి.

ఈ మూడింటిని రాజశాసనము లొక్కటియే నిలుపలేదు. ఒకతరము చేసినదానిని తరువాతి తరము తనదిగా భావించి చేయివేసెను. మన గ్రామములందును కుళాయి వచ్చినదని చెత్తతో పూడ్చిన నూతులు లేకపోలేదు. వాని గట్లపై త్రవ్వించినవారి పేరు చెక్కిన రాళ్లును ఉండవచ్చును. అట్టి నూయి మీ యూర నున్నచో, వచ్చు వేసవికి ముందుగనే పదిమందిని కూర్చి పూడిక తీయింపుడు. కాశీరాజు పరాయిదేశమున చేసిన పనిని మన యూరిలో మనము చేసికొనలేమా?