కంప్యూటర్ పాడైతే బుక్‌మార్క్‌లు పోయినట్టేనా? ఫార్మాట్‌కు ఒప్పుకునే ముందు ఏం చూసుకోవాలి?

రాయ్‌పూర్‌లోని డబ్ల్యూఆర్ఎస్ కాలనీ పేరులోనే రైల్వే ఉంది. డబ్ల్యూఆర్ఎస్ అంటే వ్యాగన్ రిపేర్ షాప్. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో, 1931లో, పార్వతీపురం మీదుగా విజయనగరం-రాయ్‌పూర్ మార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్ర నుంచి ఇటు రావడం తేలికైంది. విశాఖపట్నం-రాయ్‌పూర్ పాసింజర్‌లో అటూ ఇటూ తిరిగిన కుటుంబాలకు ఊరితో బంధం ఒకప్పుడు ఉత్తరాలతో నడిచేది. ఇప్పుడు అందులో కొంత భాగం బ్రౌజర్ బుక్‌మార్క్‌లలో ఉంటోంది.

రిటైరైన రైల్వే ఉద్యోగి ఇంట్లోని పాత డెస్క్‌టాప్‌నే తీసుకుందాం. అందులో పింఛను వివరాలిచ్చే అర్పణ్ పోర్టల్, వైద్యం కోసం ఉమీద్ కార్డు పేజీ, సొంతూరి పొలం అడంగల్ చూసుకునే మీభూమి ఉంటాయి. వాటి పక్కనే పిల్లలకు తెలుగు నేర్పడానికి ఏరిన పాత పుస్తకాలు, ఆంధ్రభారతి నిఘంటువు, ‘ఈమాట’ వ్యాసాలు. మొదటి మూడూ గూగుల్‌లో వెతికితే మళ్లీ దొరుకుతాయి. పదేళ్లుగా ఒక్కొక్కటిగా దాచుకున్నవి అలా దొరకవు, ఎందుకంటే ఏమేం దాచామో దాచినవారికే గుర్తుండదు.

ఒకరోజు ఆ కంప్యూటర్ ఆన్ కాదు. రిపేర్ షాపుకు తీసుకెళ్తే చాలాచోట్ల మొదట వినిపించే మాట, ‘ఫార్మాట్ మార్నా పడేగా’. అంటే ఫార్మాట్ కొట్టాల్సిందేనని. తొందరపడి ఒప్పుకోకూడనిది ఇక్కడే.

అవి అసలు ఎక్కడ ఉంటాయి?

కంప్యూటర్ పాడవడం వేరు, డిస్క్ పాడవడం వేరు. పవర్ సప్లై కాలిపోయినా, మదర్‌బోర్డు పోయినా, విండోస్ తెరుచుకోకపోయినా డిస్క్‌లోని ఫైళ్లు సాధారణంగా అలాగే ఉంటాయి. బుక్‌మార్క్‌లు కూడా ఒక ఫైలే. వేల లింకులున్నా దాని సైజు మహా అయితే కొన్ని ఎంబీలు.

క్రోమ్‌లో ఆ ఫైలు పేరు ‘బుక్‌మార్క్స్’. సి డ్రైవ్‌లో యూజర్స్, అందులో మీ పేరున్న ఫోల్డర్, అక్కడి నుంచి యాప్‌డేటా, లోకల్, గూగుల్, క్రోమ్, యూజర్ డేటా, డిఫాల్ట్ వరకూ వెళ్తే కనిపిస్తుంది. యాప్‌డేటా దాచిన ఫోల్డర్ కాబట్టి ‘హిడెన్ ఐటమ్స్’ ఆన్ చేయాలి. ఇంట్లో ఇద్దరు ముగ్గురు వేర్వేరు ప్రొఫైళ్లు వాడితే డిఫాల్ట్ పక్కనే ‘ప్రొఫైల్ 1’ లాంటి ఫోల్డర్లు ఉంటాయి, వాటినీ చూడాలి. ఎడ్జ్‌లోనూ ఇదే పద్ధతి, గూగుల్, క్రోమ్ స్థానంలో మైక్రోసాఫ్ట్, ఎడ్జ్ అని ఉంటుంది. అదే ఫోల్డర్‌లో ‘బాక్’ ఎక్స్‌టెన్షన్‌తో ఒక పాత కాపీ కూడా ఉంటుంది. బ్రౌజర్ తెరిచి మార్పులు చేస్తే అది మారిపోవచ్చు. అందుకే ముందు రెండింటినీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలి.

ఈ విషయంలో ఫైర్‌ఫాక్స్ కాస్త ఉదారమైనది. యాప్‌డేటాలోని రోమింగ్, మొజిల్లా, ఫైర్‌ఫాక్స్, ప్రొఫైల్స్ దారిలో ‘ప్లేసెస్ డాట్ ఎస్‌క్యూలైట్’ అనే ఫైల్‌లో బుక్‌మార్క్‌లూ హిస్టరీ కలిసి ఉంటాయి. దాని పక్కనే ‘బుక్‌మార్క్‌బ్యాకప్స్’ ఫోల్డర్‌లో తేదీలతో సహా పాత కాపీలు దొరుకుతాయి. 2008లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 3 కంటే పాత వెర్షన్ అయితే అన్నీ ఒక హెచ్‌టీఎంఎల్ ఫైల్‌లోనే ఉండేవి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వాడినవారి లింకులు ‘ఫేవరెట్స్’ ఫోల్డర్‌లో విడివిడి ఫైళ్లుగా ఉంటాయి.

తీయడం ఎలా?

డిస్క్ విప్పకముందే ఫోన్ చూడాలి. పాత కంప్యూటర్‌లో జీమెయిల్‌తో క్రోమ్‌కు సైన్ ఇన్ అయి, సింక్ ఆన్‌లో ఉండి ఉంటే, అదే ఖాతాతో ఫోన్‌లోని క్రోమ్‌లో బుక్‌మార్క్‌లు కనిపిస్తాయి. గూగుల్ టేకౌట్ నుంచి కూడా దించుకోవచ్చు. ఇలా దొరికితే పని అక్కడితో అయిపోయినట్టే.

లేకపోతే డిస్క్‌ను బయటకు తీసి మరో కంప్యూటర్‌కు తగిలించాలి. డెస్క్‌టాప్‌లోని పాత హార్డ్‌డిస్క్‌కు సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్ చాలు, కానీ 3.5 అంగుళాల డిస్క్‌కు విడిగా కరెంట్ ఇచ్చే అడాప్టర్ కూడా ఉండాలి. కొత్త ల్యాప్‌టాప్‌ల సన్నటి ఎం.2 డిస్క్‌లలో సాటా, ఎన్‌వీఎంఈ అని రెండు రకాలున్నాయి, ఏదో చూసుకునే ఎన్‌క్లోజర్ కొనాలి. విండోస్ మాత్రమే చెడిపోతే డిస్క్ విప్పనక్కర్లేదు. ఉబుంటు ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో అదే కంప్యూటర్‌ను బూట్ చేసి, ‘ట్రై’ ఎంచుకుని ఫైళ్లు కాపీ చేయొచ్చు. అక్కడ పొరపాటున ‘ఇన్‌స్టాల్’ నొక్కకూడదు.

కొత్త ల్యాప్‌టాప్‌లలో ఇంకో చిక్కుంది. చాలావాటిలో యజమానికి తెలియకుండానే బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటుంది. అప్పుడు డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. సాధారణంగా ఆ కీ విండోస్‌కు వాడిన మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఆ ఖాతా ఏ ఈమెయిల్‌తో తెరిచారో గుర్తులేకపోతే అసలు కష్టం అక్కడ మొదలవుతుంది. కీ లేకుండా ఆ డిస్క్‌ను తెరవడం షాపువాళ్ల వల్ల కూడా కాదు.

డిస్క్ నుంచి టిక్ టిక్ మని శబ్దం వస్తుంటే మళ్లీ మళ్లీ ఆన్ చేయకూడదు. ప్రతి ప్రయత్నమూ నష్టాన్ని పెంచుతుంది. ఎస్‌ఎస్‌డీ అయితే ఫార్మాట్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చెరిపేసిన భాగాలను ట్రిమ్ అనే ఏర్పాటు త్వరగా ఖాళీ చేసేస్తుంది కాబట్టి రికవరీ సాఫ్ట్‌వేర్‌కు ఏమీ మిగలకపోవచ్చు. ఫార్మాట్ లేకుండా విండోస్ మళ్లీ వేసి ఉంటే మాత్రం ‘విండోస్ డాట్ ఓల్డ్’ ఫోల్డర్ వెతకాలి. కొద్ది రోజుల తర్వాత విండోసే దాన్ని తొలగిస్తుంది.

ఫైలు చేతికి వచ్చాక క్రోమ్‌ను పూర్తిగా మూసి, కొత్త కంప్యూటర్‌లో అదే ఫోల్డర్‌లో పెడితే పాత లింకులు ప్రత్యక్షమవుతాయి. అప్పటికే అక్కడున్న ఫైల్‌ను పక్కన దాచి పెట్టుకోవాలి, లేకపోతే కొత్తవి పోతాయి. ఫైర్‌ఫాక్స్‌లో బ్యాకప్‌ను ‘రీస్టోర్’ చేసినా అంతే, ఉన్నవాటిని తీసేసి పాతవి పెడుతుంది. పాస్‌వర్డ్‌ల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. క్రోమ్ వాటిని విండోస్ ఖాతాకు ముడిపెట్టి ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, ఫైలు కాపీ చేసినంత మాత్రాన తెరుచుకోవు.

లింకు వచ్చినా పేజీ ఉంటుందా?

బుక్‌మార్క్ అంటే చిరునామా మాత్రమే, పేజీ కాదు. తెలంగాణలో 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది, పాత లింకు దాచుకున్నవారు కొత్త చిరునామా వెతుక్కోవాల్సిందే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పాత లింకులూ ఇప్పుడు పనిచేయవు, కానీ అందులోని తెలుగు పుస్తకాలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. చచ్చిపోయిన లింకును అదే సంస్థ నడిపే వేబ్యాక్ మెషిన్‌లో పెడితే పేజీ పాత రూపం కనిపించే అవకాశం ఉంది. చిరునామా చేతిలో ఉంటేనే ఆ వెతుకులాట కుదురుతుంది, చెడిన లింకులతో సహా ఆ ఫైలును కాపాడుకోవాల్సింది ఇందుకే.

పనిచేస్తున్న కంప్యూటర్ ఉన్నవారికి ఇదంతా రెండు నిమిషాల పని. క్రోమ్‌లో బుక్‌మార్క్ మేనేజర్ తెరిచి, పైన మూడు చుక్కల దగ్గర ‘ఎక్స్‌పోర్ట్ బుక్‌మార్క్స్’ నొక్కితే ఒక హెచ్‌టీఎంఎల్ ఫైలు వస్తుంది. దాన్ని ఏ బ్రౌజర్‌లోనైనా తెరవొచ్చు. విశాఖలో ఉన్న అబ్బాయికి మెయిల్ చేసి ఉంచితే రాయ్‌పూర్‌లో ఏది కాలిపోయినా ఆ కాపీ అక్కడ ఉంటుంది.