ఖాకీ ఒకటే... భరోసా వేరు!

2024 సెప్టెంబరులో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ అట్టుడికింది. దుకాణాలు తగలబడ్డాయి. ఎటు చూసినా పోలీసులే. అలాంటి రోజుల్లో బందోబస్తు అంటే రాళ్లకు ఎదురు నిలవడమే. రాయి తగిలితే కానిస్టేబుల్‌కైనా, హోంగార్డుకైనా కారేది నెత్తురే. తేడా వచ్చేదల్లా ఆ తర్వాతే!

కానిస్టేబుల్ ప్రభుత్వోద్యోగి. విధుల్లో ప్రాణం పోతే ఇంట్లోవాళ్లకు కుటుంబ పింఛను, కారుణ్య నియామకం ఉంటాయి. 2024 అక్టోబరు 21న, పోలీసు అమరుల సంస్మరణ దినం నాడు, విధి నిర్వహణలో అమరులైన కానిస్టేబుళ్ల కుటుంబాలకు కోటి రూపాయలు ఇస్తామని ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ప్రకటించారు.

మరి హోంగార్డు? చట్టం లెక్కలో అతను స్వచ్ఛంద సేవకుడు. చేతికొచ్చేది జీతం కాదు... రోజు భత్యం. నెల మొత్తం పనిచేస్తే కానిస్టేబుల్ కనీస వేతనానికి తగ్గకుండా ఆ భత్యం ఉండాలని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. తెలంగాణలో 921 రూపాయలున్న భత్యం 2025 జనవరి నుంచి వెయ్యికి చేరింది. మరణిస్తే కుటుంబానికి 5 లక్షల ఎక్స్‌గ్రేషియా అన్నారు.

ఇప్పుడు ఓ చిన్న లెక్క వేద్దాం. స్లాబు పనిలో కిందపడి నలభై ఏళ్ల కూలీ చనిపోయాడనుకోండి. 1923 నాటి పరిహార చట్టం ప్రకారం నెల వేతనంలో సగాన్ని, వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చించాలి. ఆ వయసుకు గుణకం 184.17. లెక్కలోకి తీసుకునే వేతనానికి 2020లో పెట్టిన పరిమితి 15 వేలు. అంటే 13,81,275 రూపాయలు! 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలోకి సామాజిక భద్రతా స్మృతి వచ్చినా లెక్కగట్టే పద్ధతి అదే. యజమాని కాదంటే ఆ కుటుంబం అధికారి ముందుకెళ్లి అడగొచ్చు. ఎందుకంటే అది హక్కు.

ఎక్స్‌గ్రేషియా అలా కాదు. ఆ మాటకు అర్థమే దయతో ఇచ్చేదని. ఎంత ఇవ్వాలో, ఎప్పుడివ్వాలో ఇచ్చేవాళ్లే తేలుస్తారు. కాలో చెయ్యో పోయి బతికి బయటపడితే ఇల్లు గడిచేదెలా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న.

అందుకే హోంగార్డుల ఇళ్లల్లో ఓ జాగ్రత్త అవసరం. డ్యూటీ వేసిన ఉత్తర్వు, ఎఫ్‌ఐఆర్, వైద్య పత్రాల నకళ్లు దాచుకోవాలి. సాయం ఏ రూపంలో వచ్చినా ముందు అడిగేవి అవే. ఇక ప్రభుత్వం చేయాల్సింది ఒక్కటే... కూలీకి కట్టినట్టే హోంగార్డు ప్రాణానికీ చట్టంలో ఓ లెక్క కట్టడం!