కొండెక్కినా... ఖరీదు కాదు!

విశాఖపట్నం నుంచి అరకులోయకు దాదాపు 115 కిలోమీటర్లు. రైల్లో అయితే సొరంగాలు దాటుకుంటూ, బస్సులో అయితే ఘాట్‌రోడ్డు మలుపులు తిరుగుతూ కంప్యూటరు ఎలాగో ఇంటికి చేరుతుంది. అసలు కథ అక్కడే మొదలు. అర్జీ టైపు చేయాలంటే ఓ సాఫ్ట్‌వేర్ కావాలి. పిల్లల పాఠాల వీడియో చూడాలంటే ఇంకోటి. కొన్నప్పుడు వేసిచ్చిన ఆఫీసు ప్యాకేజీ నెల తిరిగేసరికి 'గడువు ముగిసింది, డబ్బు కట్టండి' అంటుంది. నెట్‌లో వెతుకుదామా అంటే, వాన పడితే సిగ్నల్ ఉంటుందో లేదో!

అప్పుడు చాలామంది చేసే పని ఒకటుంది. ఎవరి దగ్గరో 'క్రాక్' కాపీ తెచ్చి వేసుకోవడం. చట్టం సంగతి అటుంచండి. తాళం పగలగొట్టినవాడు లోపల ఏం పెట్టి పంపాడో ఎవరికి తెలుసు? వైరస్ పట్టుకుంటే డబ్బాను మళ్లీ పాడేరుకో విశాఖకో మోసుకెళ్లాలి. ఆ ఖర్చు కలిపి చూస్తే 'ఫ్రీ' కాపీ ఎంత పడిందో తేలుతుంది.

ఉచితం వేరు... స్వేచ్ఛ వేరు

ఇంగ్లిషులో రెండింటికీ 'ఫ్రీ' ఒక్కటే మాట. మనకు మాత్రం ఉచితం, స్వేచ్ఛ అని రెండు మాటలున్నాయి. 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్ ఆ తేడా వివరించడానికే ఏళ్లు వెచ్చించాల్సి వచ్చింది. తెలుగువాళ్లకు ఆ ఇబ్బంది లేదు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ పేరే 'స్వేచ్ఛ'!

ఈ తరహా సాఫ్ట్‌వేర్‌ను ఏ పనికైనా వాడుకోవచ్చు, లోపల ఎలా రాశారో చూడొచ్చు, మార్చుకోవచ్చు, కాపీ తీసి పక్కింటికి ఇవ్వొచ్చు. చివరిది కొండమీది ఇళ్లకు వరమే. ఒకరు పట్నం వెళ్లి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటే ఊళ్లో కంప్యూటరున్న ఇళ్లన్నీ వాడుకోవచ్చు. దొంగతనం కాదు, లైసెన్సే అలా రాసి ఉంటుంది.

ఉత్త ఉచితం సంగతి వేరు. ఉచిత యాంటీవైరస్‌తో పేరు తెచ్చుకున్న అవాస్ట్, జనం నెట్‌లో ఏం చూస్తున్నారో ఆ వివరాలను అమ్ముకుందన్న ఆరోపణపై 2024లో అమెరికాలో కోటీ 65 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. డబ్బులడగనివాడు ఇంకేం తీసుకుంటున్నాడో చూసుకోవాలన్నమాట. అన్నట్టు, విండోస్ 10, 11లలో డిఫెండర్ ముందే ఉంటుంది. ఇంటి వాడకానికి వేరే యాంటీవైరస్ కోసం పరుగులు పెట్టనక్కర్లేదు.

పట్నం వెళ్లినప్పుడు...

సరే, ఏం తెచ్చుకోవాలి? ఉత్తరాలకూ లెక్కలకూ లిబ్రే ఆఫీస్. ఓపెన్ ఆఫీస్ నుంచి 2010లో వేరుపడి పెరిగింది. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లనూ తెరుస్తుంది. వీడియోలకు వీఎల్‌సీ. పారిస్‌లో ఓ ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థులు మొదలుపెట్టిన ఈ ప్లేయరు, తెరవని ఫైలంటూ దాదాపు ఉండదు. ఫొటోలు దిద్దడానికి గింప్. చిన్నపిల్లలకు ఆటపాటలతో అక్షరాలూ అంకెలూ నేర్పే జీకాంప్రి.

నా ఓటు మాత్రం కివిక్స్‌కే. వికీపీడియాను మొత్తంగా దించుకుని, నెట్ లేకుండా చదువుకునే వీలు కల్పిస్తుందిది. తెలుగు వికీపీడియా అంతా పెన్‌డ్రైవ్‌లో కొండెక్కుతుంది! హైస్కూలు పిల్లలుంటే అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం తయారుచేసిన ఫెట్ ప్రయోగాలనూ తెచ్చుకోండి. విద్యుత్ వలయాలు, లోలకం వంటివి తెరమీదే చేసి చూడొచ్చు. చాలావాటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి.

ఇక్కడే ఓ మెలిక ఉంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ముందు చిటికెడు ఫైలునిచ్చి, మిగతాది ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నెట్ నుంచి లాక్కుంటాయి. ఇంటికొచ్చి నొక్కితే ఏముంది, చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఫైర్‌ఫాక్స్ మామూలుగా ఇచ్చేది అలాంటి ఫైలే. 'ఆఫ్‌లైన్' లేదా 'ఫుల్' ఇన్‌స్టాలర్ అని ఉన్నదాన్ని వెతికి తీసుకోవాలి. లిబ్రే ఆఫీస్ 300 ఎంబీ దాటుతుంది. దాని సహాయ పుస్తకం వేరే ఫైలుగా ఉంటుంది, అదీ మరచిపోవద్దు.

ఎక్కడి నుంచి దించుకుంటున్నామన్నది మరీ ముఖ్యం. వెతికితే పైన కనిపించేది ప్రకటన కావచ్చు. పెద్ద ఆకుపచ్చ 'డౌన్‌లోడ్' మీట అసలుది కాకపోవచ్చు. పేరున్న చోటనీ గుడ్డిగా నమ్మలేం. సోర్స్‌ఫోర్జ్ అనే ప్రసిద్ధ సైటు 2015లో గింప్‌కు ప్రకటనల సరుకు తగిలించి ఇచ్చి నానా మాటలూ పడింది. తయారుచేసినవాళ్ల సొంత సైటు నుంచే తీసుకోవడం క్షేమం. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'నెక్స్ట్... నెక్స్ట్' అని నొక్కుకుంటూ పోకుండా, ముందే టిక్కు పెట్టి ఉంచినవి ఏమిటో చదవండి.

పాత డబ్బాకు కొత్త ఊపిరి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత కంప్యూటర్లు చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. అలాగని పారేయనక్కర్లేదు. లైనక్స్ మింట్ అనే స్వేచ్ఛా వ్యవస్థను పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు, లోపలి విండోస్‌ను కదపకుండానే. దాని ఎక్స్‌ఎఫ్‌సీఈ రకానికి 2 జీబీ మెమరీ ఉన్నా చాలు, 4 ఉంటే హాయిగా సాగుతుంది. వైఫై, ప్రింటరు పనిచేస్తున్నాయో లేదో చూసుకున్నాకే ఎక్కించండి. అంతకుముందే ఫొటోలూ కాగితాలూ వేరేచోట దాచుకోండి. ఒకప్పుడు ఉబుంటు లైనక్స్ సీడీలను అడిగినవారికి పోస్టులో ఉచితంగా పంపేవారు. 2011లో ఆపేశారు. కొండ ప్రాంతాలకు అదో లోటే.

మన మాట, మన అక్షరం

తెలుగు టైపు చేయడానికి అను ఫాంట్ల కోసం వెతికేవారు ఇంకా ఉన్నారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఆ ఉత్తరం పిచ్చిగీతలే. యూనికోడ్‌లో రాస్తే ఆ బెడద ఉండదు. విండోస్‌లో తెలుగు కీబోర్డు ముందే ఉంటుంది. 2019 నుంచి 'ఎ ఎం ఎం ఎ' కొడితే 'అమ్మ' వచ్చే తరహాదీ చేరింది.

ఇది తెలుగుకే పరిమితం కాదు. అరకు పరిసరాల్లో ఇంట్లో కువి, కొండ, ఆదివాసీ ఒరియా మాట్లాడేవారున్నారు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో మొదలైన బహుభాషా విద్యలో ఈ భాషలకు తెలుగు లిపిలోనే పాఠ్యపుస్తకాలు చేశారు. కాబట్టి నానమ్మ కువిలో చెప్పిన కథను మనవరాలు అదే తెలుగు కీబోర్డుతో లిబ్రే ఆఫీస్‌లో రాసి, పీడీఎఫ్ చేసి, బడికి ఇవ్వగలదు.

అక్షరాలు అందంగా ఉండాలంటే సిలికానాంధ్ర వారి ఫాంట్లున్నాయి. అవీ స్వేచ్ఛా లైసెన్సువే, గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. వాటిలో ఒకదాని పేరు గిడుగు. పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని, 1930లలో దానికి వ్యాకరణం, నిఘంటువు అచ్చువేయించిన గిడుగు రామమూర్తి పేరే అది. కాస్త బొద్దుగా ఉంటుంది కాబట్టి కథ పేరుకు గిడుగు వాడుకోండి. లోపలి కథకు 'మండలి' అయితే చదవడానికి తేలిక.